తెగిన చెవి

గార్డెన్ రీచ్‌లో ఆటో దిగుతుండగా ఒకడు నా కమ్మ లాగేసుకుని పరిగెత్తాడు. చెవితమ్మె రెండుగా చీలింది. స్టేషన్‌లో బెంగాలీ ఎస్సై, "మామూలు దొంగతనమేగా దీదీ, అదే రాస్తాను" అన్నాడు.

"దొంగిలించడానికి మనిషిని గాయపరిస్తే అది దోపిడీ, దాదా. దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు, దోపిడీకి పదేళ్ల దాకా. దోపిడీ అనే రాయండి" అన్నాను.

"చిన్న గాయమే కదా" అన్నాడు, తలెత్తకుండా.

మా శ్రీకాకుళం వాళ్లలో తెగిన చెవి ఆడదానికి తలవంపు. కుట్టించుకునేదాకా కొంగు చాటునే ఉంచాలి. పక్కనున్న అమ్మ నా తలమీదికి కొంగు లాగుతూ, "కప్పుకోయే, నలుగురూ సూత్తన్నారు" అని గొణిగింది.

"తెంపినోడికి లేని సిగ్గు నాకేటమ్మా?" అని కొంగు తీసేశాను. కుర్చీ జరుపుకుని, రక్తం కారుతున్న చెవిని ఎస్సై కళ్లముందు పెట్టాను.

"ఇప్పుడు దీన్ని చూస్తూ రాయండి."