సోమలింగం నంబరు

సిరిసిల్లనుంచి నేతపనికి గోడాదరా వలసొచ్చిన మా తెలుగువాళ్లకు బ్యాంకంటే సోమలింగమే. ఎన్నో ఏళ్లు సాంచె, అంటే మరమగ్గం, నడిపి, ఆ మోతకు చెవులు మందగించాక, ఒక బ్యాంకు తరఫున వేలిముద్రల యంత్రం తెచ్చుకుని మా వీధి మొదట్లో చిన్న గది తెరిచాడు. అటువంటివారిని ‘బ్యాంకు మిత్ర’ అంటారు. సంస్కృతంలో స్నేహితుడనే అర్థంలో మిత్ర శబ్దం నపుంసకలింగం. సూర్యుడనే అర్థంలోనే పుంలింగం. ఇక్కడి తెలుగు బడిలో పంతులునైన నేను ఈ సంగతి వివరించబోతే, “సూర్యుడైతే లాక్‌డౌన్ల గూడ తిరుగుతడు సార్. నాకు పోలీసోళ్లు పాసే ఇస్తలేరు” అని నవ్వాడు.

అతనికి పూర్వం మా కార్మికుల కూలి మగ్గాల యజమానులైన సేట్ల దగ్గరే నిలవుండేది. పండుగకో పెళ్లికో అడిగి తెచ్చుకోవాలి. అడిగిన రోజున సేటు ముఖం ఎలా ఉందో చూసుకోవాలి. సోమలింగం ఇల్లిల్లూ తిరిగి ఖాతాలు తెరిపించాడు. అయితే ఖాతాకు ఫోను నంబరు కావాలి. మగవాళ్లు సిరిసిల్ల వెళ్లి వచ్చినప్పుడల్లా సిమ్ము మార్చేవారు. ఆడవాళ్లలో చాలామందికి సొంత ఫోనే లేదు. అందుచేత, నియమానికి విరుద్ధమని తెలిసీ, చాలా ఖాతాలకు తన నంబరే రాశాడు. ఎవరి ఓటీపీ వచ్చినా వారికి చదివి చెప్పేవాడు. మొదటి లాక్‌డౌన్‌లో సగం వీధి ఊళ్లకు తరలిపోయినప్పుడు, అక్కడినుంచి ఫోను చేసినవారికీ ఆ అంకెలు ఈ గదినుంచే అందాయి. మనిషి మంచివాడైతే జాగ్రత్త అక్కర్లేదనుకోవడం మనవాళ్ల పాత అలవాటు.

మరుసటి ఏప్రిల్‌లో సోమలింగానికి కరోనా సోకి ఊపిరందక అంబులెన్సులో తీసుకుపోయారు; ఏ ఆసుపత్రిలో చేర్చారో వీధిలో ఎవరికీ తెలియలేదు. ఫోను అతనితోపాటే వార్డులోకి వెళ్లి, ఛార్జింగు లేక ఆగిపోయింది. వేలిముద్రల గదికి తాళం పడింది.

ఆ వారంలోనే లూమ్ కార్మికుడు మొండయ్యకూ జబ్బు ముదిరింది. మొండయ్య పనిచేసే సేటు చీరలకే అతని భార్య రాజమ్మ లేసు కుట్టి కూడబెట్టిన సొమ్మంతా ఆమె ఖాతాలోనే ఉంది. ప్రైవేటు ఆసుపత్రివారు ముందుగా కడితేనే చేర్చుకుంటామన్నారు. బ్యాంకులో సిబ్బంది జబ్బుపడి తలుపులు మూశారు. ఏటీఎమ్ ఏమో అంత మొత్తానికి ఓటీపీ కావాలంది.

రాజమ్మ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“పైసలు నాయి, పేరు నాది. మరి గీ ఏటీఎం డబ్బ సోమలింగమన్నను అడుగుడేంది సార్?”

ఇంట్లో ఉన్నంత తీసి చేతిలో పెట్టాను. నేనిచ్చింది మందులకే సరిపోయింది. చివరికి ఆమె తమ సేటు గుమ్మం ఎక్కింది. సేటు వెంటనే ఇచ్చాడు. ఆ మాట చెప్పి తీరాలి. మొండయ్య బతికాడు.

సోమలింగం కూడా కోలుకుని ఇల్లు చేరాడు. నడవడానికి గోడ పట్టుకోవలసి వస్తున్నా, మొదట రాజమ్మ ఇంటికే బయలుదేరాడు. నేను తోడు వెళ్లాను.

“చెల్లే, కొత్త సిమ్ము తెచ్చిన. నీ పేరు మీదనే. ఖాతాల నా నంబరు తీసి ఇది పెడదాం.”

“కూసో అన్నా, చాయ్ తాగు. ముందుగాల నువ్వు జర తేరుకో.”

“తాగుత గని, సంతకం పెట్టు.”

“సేటుకు మాటిచ్చిన. ఇగ మా ఇద్దరి కూలి ఆయన తాననే ఉంటది.”

“మల్ల సేటు తాననేనా? దివాళికి ఆయన గేటు కాడ నిలబడుడు మర్చిపోయినవా?”

“మర్వలే. గని ఆయన గేటు ఏడుంటదో నాకెరుక. మొన్న నువ్వేడున్నవో ఎవ్వలకెరుక లేకపాయె.”

“నీ మీద కోపం లేదన్నా, నీ ఫోన్ మీదనే” అంటూ మొండయ్య మంచం మీదనుంచి నవ్వించబోయాడు.

తరువాత సోమలింగం ప్రతి గడపా ఎక్కాడు. కొందరు నంబరు మార్పించుకున్నారు. ఎక్కువమంది డబ్బు తీసేసుకుని, ఖాతాను అలాగే వదిలేశారు. వేలిముద్ర వేసేవారు లేక, వచ్చే కమిషను అద్దెకు చాలక, వానాకాలం ముగిసేలోగా గది ఖాళీ చేశాడు. పని కోసం వెళితే అతన్ని చేర్చుకున్నవాడూ ఆ సేటే.

మొదటి నెల కూలి రోజున నాకు ఎదురయ్యాడు. కూలి చేతికొచ్చిందా అని అడిగాను.

“‘నీ కూలి గూడ నా కాడనే ఉంచాల్నా?’ అన్నడు సార్ సేటు. వద్దనేటందుకు నాకు నోరు రాలే.”