కోస్తా లిస్టుకు కాపలా

మొన్న పొద్దున కాఫీ తాగుతూ మెయిలు తెరిస్తే, దూరదేశంలో మా ఓపెన్ సోర్స్ సంఘం, అంటే అందరూ ఉచితంగా వాడుకునే ప్రోగ్రాములు రాసే సంఘం, దాని సర్వర్లు చూసుకునేవాళ్ళ దగ్గర్నుంచి ఒక కబురు వచ్చి ఉంది. కోస్తా జిల్లాల మెయిలింగ్ లిస్టులో చాలాకాలంగా ఎవరూ రాయడం లేదు కనుక దాన్ని మూసేస్తున్నామనీ, నిర్వాహకుడిగా నాకేమైనా అభ్యంతరం ఉంటే చెప్పమనీ. అభ్యంతరమా! ఆ ఒక్క మాట కోసం జుట్టంతా తెల్లబడేదాకా ఎదురుచూసినవాణ్ణి నేను. అయినా కాఫీ చల్లారిపోయేవరకు జవాబు రాయలేకపోయాను.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇంటర్నెట్టు ఫోను తీగలోంచి కీచుమంటూ వచ్చే రోజులు. బెజవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి స్పేర్ పార్టుల షాపులో కూర్చుని, బేరాల మధ్య తీరిక దొరికినప్పుడల్లా కంప్యూటర్ నేర్చుకున్నవాణ్ణి. అప్పట్లో మా సంఘానికి దేశమంతటికీ కలిపి ఒకే లిస్టు ఉండేది. ఒకరు రాసిన మెయిలు సభ్యులందరికీ వెళ్తుంది, అంతా ఇంగ్లీషే. మన వైపువాళ్ళు ప్రింటర్ పనిచేయడం లేదని అడగడానికి కూడా బిడియపడేవారు, ధైర్యం చేసి అడిగితే మిగతావాళ్ళు ముందు పాత మెయిళ్ళు చదువుకోమని కసిరేవారు. అది చూడలేక, ప్రాంతానికో లిస్టు ఉండాలని పట్టుబట్టి మన కోస్తాకు ఒకటి పెట్టించాను. పెట్టించినవాడే చూసుకోవాలన్నారు. కొన్నాళ్ళ పనేగా అనుకున్నాను.

నిజానికి నేను ఆ సంఘంలో చేరింది అందుకోసం కాదు. అప్పటికే మా అక్కయ్యకు చూపు మెల్లమెల్లగా తగ్గిపోతోంది. చేతిలో పుస్తకం లేకపోతే అన్నం సహించని మనిషి. తెలుగు పుస్తకాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి రాయాలని మొదలుపెట్టి, ఒక్కొక్క శబ్దాన్నీ నా గొంతుతోనే రికార్డు చేశాను. అది “అక్క” అనడం దాకా వచ్చింది, అదీ జలుబు చేసిన కోడిలా. అక్కయ్య పకపకా నవ్వి, “ఫరవాలేదులేరా, చిన్నప్పుడు నువ్వూ ఇలాగే పలికేవాడివి” అంది. చూపు పూర్తిగా పోయేలోపు పూర్తి చేస్తానని మాటిచ్చాను.

లిస్టు నన్ను ఆ పని ముట్టుకోనిస్తేగా. కొత్తవాళ్ళ మెయిలు ప్రతిదీ నేను చదివి అనుమతిస్తేగాని ముందుకు కదలదు. ఒక పూట చూడకపోతే షాపుకు ఫోను, “ఏవండీ, నా మెయిలు రాలేదేంటండీ, మీకు కోపం గానీ వచ్చిందా?” అని. ఇద్దరు వాదులాడుకుంటే ఇద్దరికీ విడివిడిగా నచ్చజెప్పాలి. మంగళగిరిలో మా బావమరిది పెళ్ళిలో అందరూ తలంబ్రాల దగ్గర ఉంటే, నేను బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నాను. మా ఆవిడ చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఆఖరికి తెగించి, ఏడాదికోసారి బెజవాడలో జరిగే సభ్యుల సమావేశంలో లేచి, ఇక నావల్ల కాదు, మరొకరు తీసుకోండని చెప్పేశాను. మరొకరు ఒప్పుకుంటేగాని పాతవాడు దిగకూడదని మా నియమం. హాల్లో ఒక్క చెయ్యీ లేవలేదు. అందరికన్నా పెద్దాయన, గుంటూరు నుంచి వచ్చిన లెక్చరరు గారు లేచి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “చూశారా అండీ, ఇంత చేసి కూడా ఎంత వినయమో!” అన్నారు. ఒకటే చప్పట్లు. ఎవరో మోటార్ సైకిలేసుకుని వన్‌టౌన్ వెళ్ళి శాలువా, దండ తెచ్చేశారు. మన దగ్గర శాలువా కప్పించుకున్నవాడు అదే సాయంత్రం పని మానేస్తానంటే ఎంత అమర్యాదో మీకు వేరే చెప్పాలా? మెడలో బంతిపూల దండతో, ఫోటోకు నవ్వుతూ నిలబడ్డాను. మరుసటేడు ముందుగానే మెయిలు రాసి చెప్పాను, వాళ్ళు శాలువా ముందుగానే కొని ఉంచారు. అలా బీరువా నిండిందిగాని నా చెర వదల్లేదు. ఈలోపు అక్కయ్య చూపు పోయింది. వాళ్ళ మీద నాకు కోపం లేదు, అందరూ నన్ను ప్రేమించినవాళ్ళే. శత్రువులైతే పోట్లాడి బయటపడేవాణ్ణి.

తర్వాత జనమంతా ఫోను గ్రూపుల్లోకి తరలిపోయారు. అక్కడ నచ్చకపోతే ఒక్క మీట నొక్కి వెళ్ళిపోవచ్చు, ఎందుకని అడిగేవాళ్ళు కూడా ఉండరు. వాళ్ళను చూసి ఎంత అసూయపడ్డానో! మా లిస్టుకు మాత్రం పనికిమాలిన ప్రకటనలు తప్ప ఏవీ రావడం లేదు, వాటినీ రోజూ ఏరి పారేస్తూనే ఉన్నాను.

మొన్న చివరికి అభ్యంతరం లేదని రాసేసి, సాయంత్రం కృష్ణలంకలో అక్కయ్య ఇంటికి వెళ్ళాను. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని నవల వింటోంది. మనిషి కాదు, ఆ ఫోనే అమ్మాయి గొంతుతో, ఎక్కడా తడుముకోకుండా చదివేస్తోంది. లిస్టు పని నాకు తప్పిపోయిందని చెప్పాను. అక్కయ్య నవల ఆపి, మొహం నా వైపు తిప్పి, “హమ్మయ్య! అయితే ఇక నీ గొంతుతో చదివే ఆ ప్రోగ్రాం మళ్ళీ మొదలెడతావట్రా?” అంది.

మొదలెడతానన్నాను. మరేమనను? ఓపిక ఉన్న రోజుల్లో తీరిక లేదు, ఇప్పుడు తీరికంతా నాదే. నేను చేయాలనుకున్నది లోకం ఎప్పుడో చేసేసి, ఇంటింటికీ పంచిపెట్టి, దాని సంగతే మరిచిపోయింది. నా కోసం ఎవరూ ఆగలేదు, అక్కయ్య తప్ప.