ఈత బట్టలిచ్చే ఆవిడ

ఆ వాటర్ పార్కులో ఈత బట్టలు అద్దెకిచ్చే ఆవిడ పేరు నేను అడగలేదు. నీళ్ళలోకి వెళ్ళే ప్రతి పిల్ల బట్టనూ రెండు వేళ్ళతో పట్టి లాగి చూసేది.

తిరువూరులో బట్టల కొట్టు మాది. అద్దె దండగని, కొట్లో మిగిలిన నైలాను ముక్కతో మా పాపకు డ్రెస్సు కుట్టించాను. రెండేళ్ళు వస్తుందని వదులుగా కుట్టించిన తెలివి కూడా నాదే.

ఆవిడ దాని అంచు పట్టుకుని వదల్లేదు.

"ఇది వద్దు అన్నయ్యగారూ. మా దగ్గర బిగుతుగా ఉండేది ఉంది, వేయండి."

"ఎంత తగ్గిస్తావమ్మా?"

"అద్దె వద్దులెండి. ఊరికే తీసుకోండి."

ఊరికే ఇచ్చేవాళ్ళను నమ్మొద్దని మా నాన్న చెప్పేవాడు. "ఎందుకమ్మా అంత ప్రేమ?" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. "పూల్ అడుగున నీళ్ళు లాగే జాలీ ఉందండి. పోయిన వేసవిలో ఇలాంటి వదులు గౌనే అందులో ఇరుక్కుంది. ఆ పాప పైకి రాలేదు. లోపలికి పంపింది నేనే."

"మరి జాలీ మార్చారా?"

ఆవిడ ఆఫీసు గది వైపు చూసి గొంతు తగ్గించింది. "రంగు వేశారండి."

టికెట్ల డబ్బు వెనక్కి అడగడం కూడా మరిచిపోయి, ఏడుస్తున్న పాపను ఎత్తుకుని గేటు దాటాను.