ఇప్పచెట్టు దగ్గర చేసిన బేరం

నా చిన్నప్పుడు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, టీవీలో ఆఫ్రికా గడ్డిమైదానాలు చూసి నాకు సింహాల పిచ్చి పట్టింది. గద్వాలలో మాది చీరల దుకాణం. పాత బిల్లు కాగితం వెనక ప్రయాణమంతా రాసుకున్నాను: పొద్దున సింహాలు, తిన్నాక ఏనుగులు, సాయంత్రం జిరాఫీలు. సరుకుకు ఆర్డరు పెట్టినట్టే. మా నాయిన అది చదివి, "ఆఫ్రికా ఏంది బిడ్డా, నల్లమల అడవిల మన్ననూరు పోదాం పా. ఆడ పులులుంటయి" అన్నాడు. ఒక పులిని కచ్చితంగా చూపించాలన్న షరతు మీద దిగొచ్చాను.

ఎండాకాలం. నల్లమలలోనే పుట్టి పెరిగిన ఒక చెంచు తాత దారి చూపడానికి మా జీపెక్కాడు. ఎక్కడా దిగొద్దని ముందే చెప్పాడు. సాయంత్రం దాకా తిరిగితే కనిపించినవి నాలుగు జింకలు, ఒక నెమలి. "ఇగ మర్లుదాం" అన్నాడు తాత. నాకు మండింది. జీపు వెనక్కి తిప్పుకోవడానికి ఆగగానే, "పులి లేకుంటే నేను నడిచే పోత" అని దూకి, వీపు తిప్పి నడిచాను.

ఇది మా దుకాణంలో నేర్చిన చదువు. ధర కుదరని గిరాకీ అలిగి వెళ్తున్నట్టు మెట్లు దిగుతుంది. మూడో మెట్టు లోపల పిలిచామా, ఓడిపోయినట్టే. ఆ పంతంలో మా నాయినను మించినవాడు లేడు. ఆ రోజు నేను గిరాకీనయ్యాను. మూడు అడుగులు వేశాను, పిలుపు లేదు. ఆరు వేశాను, లేదు. ముసలాయన గట్టివాడే అనుకున్నాను. పదో అడుగుకు, ఎదురుగా ఇప్పచెట్టు కింద, రాలిన పూల మధ్య ఒక నల్లబండ కదిలింది.

ఎలుగుబంటి. తల ఎత్తి గాలి వాసన పట్టింది. అంతసేపూ పిలుపు కోసం చెవులు రిక్కించినదాన్ని, ఇప్పుడు ఎవరూ పిలవకూడదని మొక్కుకున్నాను.

భుజం మీద ఒక చెయ్యి పడింది. చెప్పులు విడిచి, ఆకు చప్పుడైనా లేకుండా తాత వచ్చాడు. దానికీ నాకూ మధ్యకు జరిగి, "ఉరకకు బిడ్డా. దానికి ఈపు సూపకు. ఎనకకు అడుగెయ్యి" అని గుసగుసగా అన్నాడు. ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన గుండె కూడా దడదడలాడుతోందని నా వేళ్ళకు తెలిసింది. ఒక్కో అడుగూ ఒక్కో ఏడాదంత పొడుగు. చివరికి అది మళ్ళీ పూలలో మూతి పెట్టింది.

జీపులో మా నాయిన రెండు చేతులతో తన నోరు తానే మూసుకుని కూర్చున్నాడు. ఆ చేతులు తీసి, "ఇగ పులిని గూడ సూద్దమా?" అని, నన్ను పట్టుకుని ఏడ్చేశాడు.

"ఎందుకు పిలవలే తాతా?" అని అడిగాను.

"పిలిస్తే అది సుత ఇంటది గద. అందుకే నేనే వచ్చిన."

ఇప్పుడు నా కూతురు ఆఫ్రికా ప్రయాణానికి జంతువుల జాబితా రాస్తోంది. ట్రావెల్స్ అతనితో బేరమంతా నాదే. అన్నీ తగ్గించమంటాను, దారి చూపే మనిషికిచ్చేది తప్ప. నిన్న, పైనుంచి జంతువులను చూపించే బెలూన్ ఎక్కడం వద్దన్నానని పిల్ల అలిగి గుమ్మం దాటింది. మూడో మెట్టు దాకా ఆగి చూడటం నాకు చేతకాలేదు. చెప్పులైనా వేసుకోకుండా లేచి వెళ్ళాను.