కంచం మీద గరిటె చప్పుడు

మా అమ్మ నాన్నను పేరు పెట్టి పిలవగా నేను ఇంతవరకూ వినలేదు. భోజనానికి పిలవాలంటే వంటింట్లో మంచినీళ్ల గ్లాసు గట్టు మీద కాస్త గట్టిగా పెడుతుంది. అరుగు మీద పేపరు మడతపెట్టిన చప్పుడు వినిపిస్తుంది. ఇప్పుడు నేను పాలకొల్లులో అద్దె గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. నన్ను అన్నానికి పిలిచేవాళ్లు లేరు. పుస్తకం పట్టుకుంటే అన్నం చల్లారిపోతుంది. అలాంటప్పుడు, ముఖ్యంగా గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో, నాకు ఆ వరద డ్యూటీ గుర్తొస్తుంది.

అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. ఏటిగట్టుకి దగ్గరలో ఉన్న మండలాఫీసులో మీటింగు హాలునే కంట్రోల్ రూమ్ చేశారు. బల్ల మీద ఫోన్లు, కిటికీ పక్కన పడవలతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టు, కుర్చీల మీద ఆరని రెయిన్‌కోట్లు. ఆ తడి వాసనలో పులిహోర పొట్లాల వాసన కలిసిపోయేది. ఏటి మధ్య లంకల నుంచి, పునరావాస కేంద్రాల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తి, విన్నది రాసుకుని, పడవలకు కబురు అందేలా చూడటం నా పని. ఫోను మోగితే ఇంకెవరైనా ఎత్తుతారేమోనని చుట్టూ చూసే మనిషిని నేను.

"ఫోను కరవదమ్మాయ్, ఎత్తు," అనేవారు మా పెద్ద గుమాస్తా గారు.

ఒక మధ్యాహ్నం ఎత్తాను.

"వరదాఫీసేనా అండి? మా ఆయన లంకలో ఉండిపోయారమ్మా. అందరూ వచ్చేశారు, ఆయన రాలేదు."

హైస్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రం నుంచి మాట్లాడుతోంది ఒక పెద్దావిడ. గేదెలన్నింటినీ ముందే గట్టు దాటించారట. ఒకటి మాత్రం అప్పుడే ఈనిందట. దాన్నీ దూడనీ వదల్లేక ఆయన పాకలోనే ఆగిపోయారు.

"పేరు చెప్పండమ్మా."

"ఆయన పేరా? నేనెలా చెప్తానమ్మా! కొండ మీద సామి పేరు, రాసుకో."

"ఏ కొండండి?"

"మనకి ఎన్ని కొండలున్నాయే పిల్లా?"

అవతల ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. వాళ్లలో ఒకామె ఫోను తీసుకుని ఇంటిపేరుతో సహా చెప్పి, మళ్లీ పెద్దావిడకిచ్చింది. రిజిస్టరులో చూశాను. ఆ పేరు ఎదురుగా మా వాళ్లే పొద్దున రాసిపెట్టారు: పడవలోంచి పిలిచాం, పలకలేదు, పాక ఖాళీ. అంటే పడవ ఇంక అటు వెళ్లదు. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. నీరు ఇంకా పెరుగుతూనే ఉంది.

ఆవిడకి ఎలా చెప్పాలో తెలియలేదు. "పొద్దున పడవవాళ్లు వెళ్లి పిలిచారటండి. పలకలేదట. ఎటైనా వెళ్లారేమో," అన్నాను.

"గేదెనొదిలి ఎక్కడికెళ్తారు? పేరు పెట్టి పిలిచుంటారు వాళ్లు. ఆయనకి మనిషి మాట ఇనపడదమ్మా. మండపేట మిల్లులో ఇంజను పక్కన పనిచేసి చెవులు పోగొట్టుకున్నారు."

"మరి మీరెలా పిలుస్తారండి?"

"నేను పిలవడమేంటి! కంచం మీద గరిటెతో కొడతాను. అరటితోట ఆ చివర ఉన్నా వచ్చేస్తారు."

ఆవిణ్ణి ఫోనులోనే ఉండమని లేచి నిలబడ్డాను. పడవని మళ్లీ ఆ పాక దగ్గరికి పంపమని పెద్ద గుమాస్తా గారిని నసుగుతూ అడిగాను.

"ఆ పాక చూసొచ్చారు కదమ్మా."

"పడవ దిగలేదండి. నీళ్లలోంచే కేకేశారు. ఆయనకి కేక వినపడదండి. కంచం కొట్టాలండి."

"కంచమా?"

గదిలో అందరూ నవ్వారు. "ఆకలేస్తోందేమోనండి అమ్మాయికి," అన్నారెవరో. మామూలుగా అయితే నేను కూర్చుండిపోయేదాన్ని. కానీ చేతిలో ఫోను ఇంకా వేడిగా ఉంది. అవతల ఆవిడ వింటూనే ఉంది.

"ఆయన అక్కడే ఉన్నారండి. చీకటి పడితే పడవ వెళ్లదు," అన్నాను.

పెద్ద గుమాస్తా గారు నవ్వడం మానేశారు. వైర్‌లెస్ మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఆవిడ నీతో చెప్పింది. నువ్వే చెప్పు."

పడవ మీది మనిషి నేను చెప్పిందంతా విన్నాడు. "వెళ్తామండి. కానీ ఊరికే పళ్లెం వాయిస్తే తోటలో పందుల్ని తోలుతున్నామనుకుంటాడండి. లంకలో రోజూ ఎవరో ఒకరు డబ్బా కొడుతూనే ఉంటారు. ఆవిడ ఎలా కొడుతుందో కనుక్కోండి."

అడిగాను. ఆవిడ కేంద్రంలోని కంచమే ఒకటి తీసుకుని కొట్టింది. వెంట వెంటనే రెండు, కాస్త ఆగి ఒకటి. ఆ ఒకటి మెల్లగా, కూర కూడా సిద్ధంగా ఉంది అన్నట్టు. నా టిఫిను బాక్సు మూత తీసి, స్పూనుతో అలాగే మైకు దగ్గర కొట్టాను. ఎవరూ నవ్వలేదు. ఫోనులోంచి ఆవిడ, "చివరిది అంత గట్టిగా కాదు," అంది. మళ్లీ కొట్టాను.

తరువాత చాలాసేపు సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు. పెద్ద గుమాస్తా గారు టీ చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయారు. అంతలో ఇంజను ఆపిన చప్పుడు, ఆ వెంటనే దూరంగా కంచం. రెండు, ఒకటి. మళ్లీ రెండు, ఒకటి.

"వచ్చాడండి! దూడనెత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు! అన్నం ఏదీ అని అడుగుతున్నాడండి!"

గదంతా గొల్లున నవ్వింది. గేదెను పడవ వెనక ఈదించి తెస్తున్నామని కూడా చెప్పారు. నేను ఫోనులో ఆవిడకి చెప్పాను. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"పొద్దున్నుంచి ఏం తినుండరు. పొట్లం ఉంటే ఇమ్మనమ్మా. పస్తుంటే కోపం ఎక్కువ ఆయనకి." ఫోను పెట్టేస్తుందనుకున్నాను. "నువ్వు తిన్నావా?" అని అడిగింది.

మూత తీసిన పెరుగన్నం నా ముందే ఉంది. "తింటానండి," అన్నాను.

వరద తీసే వరకూ మా గదిలో భోజనాలకు ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. పెద్ద గుమాస్తా గారే తన క్యారేజీ మూత మీద కొట్టేవారు. చివరి దెబ్బ ఆయనకు ఎప్పుడూ సరిగా కుదిరేది కాదు. నేను సరిచేసేదాన్ని. అంతమందిలో నా గొంతు నాకు మొదటిసారి వినిపించిన రోజులు అవి.

ఈ సాయంత్రం కూడా కిటికీలో వాన. అన్నం వండుకుని, పుస్తకం బోర్లా పెట్టి, కంచం మీద గరిటెతో నేనే కొట్టుకున్నాను. రెండు, కాస్త ఆగి ఒకటి.