ఘాట్ రోడ్డు మీద నా స్టీరింగ్

లైసెన్స్ వచ్చి రెండేళ్లయినా, కాలిఫోర్నియాలో మేముండే ఫ్రీమాంట్‌లో పిల్లల స్కూలు, ఇండియన్ స్టోరు తప్ప నా డ్రైవింగ్ ఇంకెక్కడికీ పోలేదు. హైవే ఎక్కాలని నాకు ప్రాణం లాగేది. అడిగినప్పుడల్లా మావారు తర్వాత చూద్దాం అనేవారు.

ఆ వేసవిలో సముద్రం పక్కనే కొండల మీదుగా సాగే హైవే వన్ పట్టుకుని దక్షిణానికి బయల్దేరాం. మావారి ట్రిప్పంటే ప్రింటు తీసిన లిస్టు, చోటుకి పది నిమిషాలు, ఒక ఫోటో, మళ్లీ కారు. అన్నీ కవర్ చేయాలి. తొమ్మిదేళ్ల అబ్బాయి, ఆరేళ్ల అమ్మాయి లోకాన్ని కారు అద్దంలోంచే చూసేవాళ్లు.

కొండలు మొదలయ్యే ముందు ఒక పార్కులో భోజనాలు చేశాం. ఖాళీ కడుపుతో ఘాట్ రోడ్డు ఎక్కితే కళ్లు తిరుగుతాయని ఆయన సిద్ధాంతం. అందుకని మూడు ప్లేట్ల పులిహోర, దానిమీద ఆవకాయతో పెరుగన్నం లాగించారు. నాలుగో మలుపుకే ముఖం పాలిపోయింది. ఇంకాస్త దూరం పోయాక కారు పక్కకాపి తుప్పల వైపు పరుగెత్తారు. తిన్నదంతా బయటికొచ్చేసింది. తల పట్టుకుని రాయి మీద కూలబడ్డారు. ఫోన్లో సిగ్నల్ లేదు, వెనక్కి వెళ్లినా అవే మలుపులు.

"కీస్ ఇవ్వండి," అన్నాను.

"అమ్మా, నీకు టర్న్స్ వచ్చా?" అంది మా అమ్మాయి. నాకూ తెలియదన్నాను. అబ్బాయి సీటుబెల్టు బిగించుకున్నాడు.

స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. పాతిక మైళ్ల స్పీడు. పక్క సీట్లో మావారు కళ్లు మూసుకునే లేని బ్రేకు తొక్కుతున్నారు. వెనక కార్లు పెళ్లి ఊరేగింపులా బారులు తీరాయి. వాళ్లకి దారివ్వడానికి, రోడ్డు పక్కన జాగా కనిపించిన ప్రతిచోటా ఆపేశాను. ఆపినప్పుడల్లా కింద సముద్రం, పిల్లలు దిగిపోవడం. ఒకచోట నీళ్లలోంచి తిమింగలం వీపు నల్లగా పైకి తేలింది. పిల్లలిద్దరూ నా చేతులు చెరొకటి పట్టుకుని, అది మునిగిపోయాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

కొండలు దిగి, చల్లటి సోడా తాగాక మావారికి మళ్లీ రంగొచ్చింది. ఇక నేను నడుపుతాలే అని కీస్ కోసం చెయ్యి చాపారు. అలవాటు కొద్దీ ఇవ్వబోయి ఆగాను. నాకు నడపాలని ఉందన్నాను.

"నీకు భయమనుకున్నానే ఇన్నాళ్లూ," అన్నారు.

"భయం నాకు కాదండీ, మీకు."

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అవును, నాకే," అన్నారు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటారని తెలిస్తే, ఆ మాట రెండేళ్ల క్రితమే అనేదాన్ని.