సీరియల్ ఇల్లు చూడబోయిన రోజు

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో రిపేరు దుకాణం ముందు లావుపాటి పాత టీవీ ఒకటి కనబడింది. మీ ఇళ్లలోనూ ఉండేది కదూ, పైన పూలు కుట్టిన గుడ్డ కప్పి?

మా ఇంట్లోనూ ఉన్న అలాంటి టీవీలో వచ్చే ఒక సీరియల్ అంటే మాకు ప్రాణం. మా అమ్మా, పక్కింటి గుంటూరు ఆంటీ ఒకే చాప మీద కూర్చుని చూసేవాళ్లు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. బంద్ లేని ఒక ఆదివారం రెండు కుటుంబాలం ఎల్బీనగర్‌లో బస్సెక్కి, ఆ సీరియల్ తీసే ఇల్లు చూడ్డానికి వెళ్లాం. అమ్మ తన పోచంపల్లి పట్టుచీర కట్టుకుంది.

లోపలి మెట్లు చూడగానే అమ్మ మురిసిపోయింది. ఇల్లు చూపించే అతన్ని అడిగింది. "గీ మెట్ల మీదికెల్లే గదా సీరియల్ల అత్త కింద పడ్డది? జర ఎక్కి సూడొచ్చా అన్నా?"

అతను పకపకా నవ్వాడు. "అచ్చం మా సీరియల్లో పనిమనిషిలా మాట్లాడుతున్నారే! ఇంకోసారి అనండి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆంటీ కూడా నవ్వింది. "నిజమే వదినా, అచ్చం అలాగే ఉంది!"

అమ్మ మెట్లెక్కలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆంటీ పక్కన కూర్చోలేదు.

మరునాడు సీరియల్ వేళకు ఆంటీ వచ్చింది. అమ్మ టీవీ పెట్టలేదు.

"సరదాకన్నాను వదినా. ఇంకా నామీద కోపమేనా?"

"నీ మీద కాదు వదినా," అంది అమ్మ. "ఇన్నొద్దులు గా పనిమనిషి నోరు తెరిస్తే, నీ పక్కన కూసొని నేను గూడ నవ్విన."